గేర్ సైకిల్ కొన్న మా అబ్బయ్యకి, బీగం సంగతి

అబ్బయ్యా,

మీ నాయన ఫోన్ చేసి చెప్పాడు, 18 వేలు పోసి గేర్ సైకిల్ కొన్నావంట, నెల్లూరు మాగుంట లేఅవుట్‌లో రూము, రోజూ దర్గామిట్ట కాడ కోచింగ్‌కి దాని మీదే పోతుండావంట. చాలా సంతోషం. కానీ దాంతోపాటు నూటయాభై రూపాయల నంబర్ల వైరు లాక్ ఒకటి కొన్నావని కూడా చెప్పాడు, అది విన్న కాడ్నించి నాకు మనసు మనసులో లేదు, అందుకే ఇంత పొడుగు రాస్తుండా, ఓపిగ్గా చదువు. కావలిలో ఇన్నేళ్ళుగా సైకిల్ షాపు నడుపుతుండా, సైకిల్ పోగొట్టుకున్నోళ్ళు ఎక్కువమంది ముందు నా కాడికే వచ్చి చెప్పుకుంటారు.

వాళ్ళని నేను అడిగే మొదటి మాట ఒకటే, దేనికి కట్టినావ్ అని. బీగం వేసినా పెద్దాయనా అంటారే గానీ దేనికి కట్టిందీ చెప్పరు, ఎందుకంటే దేనికీ కట్టలా. వెనక చక్రానికి ఫిట్ చేసి ఉండే గుండ్రటి రింగ్ లాక్ ఉంది చూడు, అది చక్రం తిరక్కుండా ఆపుద్ది, అంతే. గొడ్డుకి ముందు కాళ్ళకి బందం వేసి వదిలినట్టు, అది పరిగెత్తలేదు సరే, ఎత్తి ఆటోలో వేసుకునేవాడికి అడ్డమేముంది? వెనక చక్రం ఒక చేత్తో పైకి లేపి ముందు చక్రం మీద నడిపించుకుంటా పోతే చూసేవాళ్ళు పాపం టైరు పంక్చరేమో అనుకుంటారు. పైగా పాత రకం రింగ్ లాకుల బీగంచెవుల్లో తేడాలు చాలా తక్కువ, ఒకదాని చెవి ఇంకోదానికి పట్టడం షాపులో నేను చూస్తానే ఉంటా. ఎదురుగా టీ తాగుతా సైకిల్ని కళ్ళముందు పెట్టుకున్నంత సేపు అది చాలు. కంటికి కనపడకుండా పోయేటప్పుడు మాత్రం సైకిల్ని సైకిల్‌కే కట్టొద్దు, నేల్లో పాతుకుని ఉన్నదానికి కట్టాల.

ఇప్పుడు నీ నంబర్ల లాక్ సంగతి. చూడ్డానికి బొటనవేలంత లావుంటుంది గానీ ఆ లావంతా పైన ప్లాస్టిక్కే, లోపలుండేది సన్నటి తీగలు పురి పెట్టిన వైరు. ఎలక్ట్రీషియన్ జేబులో ఉండే కటింగ్ ప్లేయర్‌తో నాలుగు పోగులు నాలుగు పోగులుగా కత్తిరిస్తే నిముషం పట్టదు, చప్పుడు కూడా రాదు. అసలు కత్తిరించే పని కూడా ఉండదు ఒక్కోసారి. నాలుగు చక్రాలుంటే 10000 నంబర్లు ఉంటాయి, ఎవడు తిప్పుతాడులే అనుకుంటారు అందరూ, కానీ చవక లాకుల్లో చక్రాలు కచ్చితంగా చెక్కరు కాబట్టి వైరుని గట్టిగా లాగి పట్టుకుని ఒక్కోటే తిప్పుతుంటే సరైన అంకె కాడ చేతికి తేడా తెలిసిపోద్ది. దానికి తోడు మన పిల్లకాయలు చేసేదేందంటే, లాక్ వేసేటప్పుడు చివరి చక్రం ఒక్కటే ఒక గీత జరుపుతారు, పొద్దున్నే తొందరగా తియ్యొచ్చని. దొంగ కూడా ముందు అదే జరిపి చూస్తాడు. కంపెనీ పెట్టిచ్చిన నాలుగు సున్నాలు మార్చకుండా తిరిగేవాళ్ళు కూడా ఉండారు అబ్బయ్యా, నువ్వు మార్చినావో లేదో ఈ పూటే చూసుకో.

కొనాల్సింది యు లాక్, అంటే ఇంగ్లీషు U అక్షరం మాదిరి వంచిన గట్టి కమ్మీకి అడ్డంగా ఇంకో కమ్మీ బిగించే బీగం. అది దొరక్కపోతే గుడ్డ తొడుగున్న మందం గొలుసు, దానికి వేసే కప్ప బీగం కూడా అంతే గట్టిది. గొలుసు కొనేటప్పుడు బరువు చూసి మోసపోబాక, బరువున్నదల్లా గట్టిది కాదు. చిన్న ఆకురాయి ఒకటి జేబులో వేసుకుపోయి, షాపువాణ్ణి అడిగి లోపలి వైపు ఒక లింకు మీద రుద్దు. మామూలు ఇనుమైతే గీత పడుద్ది, హీట్ ట్రీట్‌మెంట్ చేసిన గట్టి స్టీలైతే ఆకురాయి జారిపోద్ది. మామూలు ఇనపదాన్ని హాక్సా బ్లేడు కూడా తినేస్తుంది. గుండ్రటి లింకుల కంటే పలకల లింకులు మేలు, పొడుగు చేతులుండే బోల్ట్ కట్టర్ నోటికి పట్టు సరిగ్గా దొరకదు. యు లాకులో ఇంకోటి చూడాల, అడ్డ కమ్మీ రెండు కొసల్లోనూ బిగుసుకునేది తీసుకో. ఒక కొసే బిగుసుకునేదైతే ఒక చోట కోసి మెలితిప్పితే చాలు ఊడొస్తుంది, రెండు కొసలూ పట్టేదైతే మామూలుగా రెండు చోట్ల కొయ్యాల.

బీగంచెవి గుండ్రంగా గొట్టం మాదిరి ఉండే రకం మాత్రం పాతది ఎవరన్నా ఊరికే ఇచ్చినా తీసుకోబాక. 2004లో అమెరికాలో పెద్ద గోలయింది దాని మీద, క్రిప్టోనైట్ అని యు లాకుల్లో పేరుమోసిన కంపెనీ, వాళ్ళ లాకుల్ని బాల్‌పెన్ను ప్లాస్టిక్ గొట్టం గుచ్చి తిప్పితే తెరుచుకుంటాయని జనానికి తెలిసిపోయింది, ఆఖరికి ఆ కంపెనీ పాత లాకులు తీసుకుని కొత్తవి మార్చి ఇవ్వాల్సొచ్చింది. ఇనుమెంత గట్టిదైనా బీగం గుండె మెత్తనైతే అంతే. పలకగా ఉండే చెవి చూసి తీసుకో. బ్యాటరీ గ్రైండర్ ముందు ఏ లాకూ ఎక్కువసేపు నిలవదు, అది నిజమే, కానీ దానికి చప్పుడొస్తుంది, నిప్పురవ్వలొస్తాయి, ట్రంక్ రోడ్డులో పట్టపగలు ఎవడూ అంత తెగించడు. నువ్వు ఆపాల్సింది చేతులూపుకుంటా వచ్చి కటింగ్ ప్లేయర్‌తో పోయేవాణ్ణి.

ఇంక వేసే పద్ధతి. ముందు చక్రానికి మాత్రమే వేసి పోబాక, చాలా గేర్ సైకిళ్ళకి ముందు చక్రం చేత్తో లీవర్ తిప్పితే ఊడిపోద్ది, తిరిగొచ్చేసరికి కమ్మీకి చక్రం ఒకటే వేలాడుతుంటుంది. యు లాకుని వెనక చక్రం రిమ్ము, ఫ్రేము వెనకుండే ముక్కోణం, ఇనప కమ్మీ మూడూ కలిసేట్టు వెయ్యి. లాక్ లోపల ఖాళీ తక్కువుండాల, ఖాళీ ఉంటే గడ్డపార దూర్చి పెకలిస్తారు. లాక్ నేలకి తగలకుండా పైకుండాల, నేల మీద పడుంటే కట్టర్ ఒక చెయ్యి నేలకి ఆనించి ఒంటి బరువంతా పైన వేసి నొక్కుతారు. ఈ ఒక్కటి చాలామందికి తెలీదు.

కట్టే ముందు ఆ కమ్మీని ఒకసారి చేత్తో ఊపి చూడు. నో పార్కింగ్ బోర్డు స్తంభానికి కడితే సైకిల్ని పైకెత్తి బోర్డు మీదుగా తీసేస్తారు. గేటు రెక్క ఊడొస్తుంది, కానుగ మొక్క విరుగుద్ది, అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో ప్లాస్టిక్ పైపుకి కట్టేవాళ్ళని కూడా చూశా. మీ ఓనర్ని అడిగి మెట్ల కాడ వెల్డింగ్ చేసిన గ్రిల్‌కి కట్టుకో. సెల్లార్‌లో వాచ్‌మన్ ఉండాడు గదా అని ధీమాగా ఉండొద్దు, ఆయనకి ఏ సైకిల్ ఎవరిదో ఎట్టా తెలుసుద్ది.

శనివారం సాయంత్రం పినాకిని రైలెక్కి కావలి వచ్చేటప్పుడు స్టేషన్ బయట గోడ వారన పెట్టి రాబాక. రెండు రాత్రులు ఒకే చోట కదలకుండా ఉన్న సైకిల్ని చూస్తే ఓనర్ ఊళ్ళో లేడని ఎవడికైనా అర్థమైపోద్ది. డబ్బులు తీసుకునే స్టాండులోనే పెట్టు, అక్కడా గ్రిల్‌కి కట్టు, టోకెన్ సైకిల్ బుట్టలో వదిలెయ్యబాక. రొట్టెల పండగప్పుడు స్వర్ణాల చెరువు కాడ, అంటే నువ్వు పోయే దారిలోనే, జనం ఎక్కడెక్కడి నుంచో వస్తారు, ఆ రోజుల్లో నడిచి పో, దూరమేం కాదు.

సీటు, ముందు చక్రం సంగతి నాకు వదిలెయ్. ఈసారి వచ్చినప్పుడు సైకిల్ తెస్తే ముందు చక్రం లీవర్ తీసి బోల్టు వేస్తా. సీటు కింద కమ్మీలకీ ఫ్రేముకీ కలిపి పాత చైను ముక్క ఒకటి ట్యూబులో దూర్చి రివిట్ కొడతా, రంగు కూడా పోదు. సీటు పోస్టు కాడ ఆరు పలకల గుంట ఉండే ఆలెన్ బోల్టు ఉంటుంది, ఆ గుంటలో ఒక బేరింగు గుండు పెట్టి కొవ్వొత్తి మైనం పోస్తే దారినపోయేవాడు ఆలెన్ కీ పెట్టలేడు, మనకి కావాలంటే వేడిచేసి తీసుకోవచ్చు.

ఇవన్నీ కాక ఈరోజే చెయ్యాల్సింది ఇంకోటి ఉంది. సైకిల్ తిరగేసి పెడళ్ళ మధ్య గొట్టం కింద చూడు, ఫ్రేము మీద నంబర్ కొట్టి ఉంటుంది. దాన్ని ఫోటో తీసి, బిల్లుతో పాటు మీ నాయనకి వాట్సాప్ చెయ్. గీతలు, స్టిక్కర్లు కనపడేట్టు సైకిల్ ఫోటో కూడా. పోలీస్ స్టేషన్‌లో నీలం సైకిల్ అంటే ఏ నీలం సైకిల్ అంటారు, నంబర్ ఉంటే అది నీదని తేలుద్ది. 2024 జూలై 1 నుంచి వచ్చిన కొత్త చట్టాల్లో 5000 లోపు విలువైన దొంగతనాన్ని పోలీసోళ్ళు మేజిస్ట్రేట్ చెప్పకుండా దర్యాప్తు చెయ్యలేరు, నీది 18 వేలు కాబట్టి ఎఫ్ఐఆర్ కట్టాల్సిందే, ఆ విలువ చూపించేది బిల్లే. ఎఫ్ఐఆర్ కాపీ ఊరికే ఇస్తారు, అడిగి తీసుకో. ఎయిర్‌ట్యాగ్ లాంటిది సీటు కింద దాచి, సైకిల్ పోయాక అది యాడుందో ఫోన్‌లో కనపడ్డా ఒంటరిగా పోబాక, పోలీసుల్ని తీసుకుని పో, సైకిల్ కంటే నువ్వు ముఖ్యం మాకు.

లాక్‌కి గ్రీజు, కొబ్బరినూనె పెట్టొద్దు, దుమ్ము పట్టి బిగుసుకుపోద్ది. మైపాడు బీచ్‌కి పోయొస్తే మంచి గుడ్డతో తుడిచి కుట్టుమిషన్ నూనె రెండు చుక్కలు వెయ్యి, ఉప్పుగాలికి లోపల తుప్పు పడుద్ది. లాక్ వేసేటప్పుడు బీగంచెవి రంధ్రం నేల వైపుండాల, వాన నీళ్ళు దిగవు.

కొత్త లాక్‌తో రెండు చెవులొస్తాయి, రెండూ ఒకే గుత్తికి వేసుకుని తిరగబాక. చెవితో వచ్చే చిన్న నంబర్ బిళ్ళ ఉంటే పారెయ్యబాక, చెవి పోతే కొన్ని కంపెనీలు దాంతోనే కొత్తది చేసిస్తాయి. ఆ బిళ్ళ, రెండో చెవి మీ అమ్మకి ఇచ్చెయ్. లాక్‌కి డబ్బులు నేను మీ నాయనకి ఫోన్‌పే చేశా, సోమవారం లోపు కొని ఫోటో పంపు.

మీ పెదనాయన