స్లాబ్ రోజు మీరెక్కడున్నారు?

ప్రశ్న: బీఆర్క్ అయ్యాక హన్మకొండలో మా నాన్న ఆర్కిటెక్ట్ ఆఫీసులోనే చేరాను, రెండేళ్లు దాటింది. డ్రాయింగులన్నీ నేనే గీస్తాను. అయినా వచ్చినవాళ్లు "సార్ లేరా అమ్మా?" అని అడిగి, లేరంటే వెళ్లిపోతారు. జీతం అడిగితే "ఆఫీసు నీదే కదా బిడ్డా" అంటారు నాన్న. హైదరాబాద్ వెళ్లిపోనా?
- ఓ పాఠకురాలు, హన్మకొండ

జవాబు: వెళ్లొచ్చు, కానీ ఈ కోపంలో వద్దు. మీ ఉత్తరంలో సైట్ అనే మాటే లేదు, అసలు చిక్కు అక్కడే ఉందని నా అనుమానం. ప్లాన్ ఎవరు గీశారో ఇల్లు కట్టుకునేవాళ్లకు పట్టదు. స్లాబ్ రోజు పొద్దున్నే వచ్చి, రాడ్లు అడుగుకు తగలకుండా ఎత్తిపట్టే కవర్ బ్లాకులు పెట్టారా, ఫ్యాన్ బాక్సులు, కరెంటు పైపులు వేశారా, బాత్రూం దగ్గర స్లాబ్ కిందికి దింపారా అని చూసి, మేస్త్రీతో గొడవపడి మరీ సరిచేయించింది ఎవరో మాత్రం ఏళ్లయినా గుర్తుంటుంది. ఇన్నాళ్లూ ఆ మనిషి మీ నాన్న.

ఆడపిల్లవు ఎండలో ఎందుకని ఆయన ఆపుతుండవచ్చు, ఆపినా వెళ్లండి. 2020లో, మళ్లీ 2023లో హంటర్ రోడ్డు వైపు కాలనీలు మునిగాయి కదా, అక్కడ బేస్‌మెంట్ ఎంత ఎత్తు లేపాలో ఆ గోడల మీది నీటి మరకలు చూస్తే తెలుస్తుంది గానీ కంప్యూటర్లో డ్రాయింగులు గీసే ఆటోక్యాడ్ చెప్పదు.

అందుకే వచ్చే ఇల్లు ఒకటి పూర్తిగా నాకివ్వండి అని అడగండి. 150 గజాలదైనా సరే, కొలతల నుంచి గృహప్రవేశం దాకా మీరే చూడాలి. ఈశాన్యంలో మెట్లు వద్దని వాస్తు ఆయన పట్టుబడితే సెట్‌బ్యాక్ (ఇంటి చుట్టూ రూల్ ప్రకారం వదలాల్సిన ఖాళీ) చెడకుండా ప్లాన్ మార్చేదీ మీరే, అప్పుడు నాన్నకు ఫోన్ కొట్టకండి.

జీతం విషయంలో మొహమాటం వద్దు. ఆఫీసు ఎప్పుడో మీదవుతుంది, బండికి పెట్రోలు మాత్రం ఇవాళే పోయించుకోవాలి. నెలకింత అని తేల్చుకోండి, ఎంత తక్కువైనా ఖాతాలో పడాలి.

ఇంకోటి, కౌన్సిల్ ఆఫ్ ఆర్కిటెక్చర్‌లో రిజిస్ట్రేషన్ అయిందా? 1972 చట్టం ప్రకారం అది లేకుండా ఆర్కిటెక్ట్ అని చెప్పుకోకూడదు. అయి ఉంటే బోర్డు మీద నాన్న పేరు కింద మీ పేరు కూడా రాయించమనండి.

ఆ ఇల్లు పూర్తయ్యాక హైదరాబాద్ వెళ్లండి, నేనైతే వెళ్లమనే అంటాను. ఆస్పత్రులు, పెద్ద అపార్టుమెంట్ల పని మీ ఆఫీసులో నేర్చుకోవడం కష్టం, నాన్న కాని బాస్ చేత తిట్లు తినడమూ అవసరమే. ఇంటర్వ్యూలో చూపించడానికి అప్పటికి మీదంటూ ఒక ఇల్లుంటుంది.