ఆ పెన్సిల్ అంకెలు తప్పు కాదు సార్, చెరపకండి

చిత్తూరులో మీ తాతగారి పెట్టెలో దొరికిన పాత ఫ్రెంచ్ సముద్ర పటాల పుస్తకంలో మద్రాసు రేఖాంశం 77°55′ అని అచ్చయి ఉంటే, పక్కన ఎవరో పెన్సిల్‌తో 80°15′ అని రాశారన్నారు కదా. రెండూ కరెక్టే. పాత ఫ్రెంచ్ పటాలు రేఖాంశాన్ని పారిస్ నుంచి లెక్కపెట్టేవి. పారిస్, ఇప్పుడు అందరూ రేఖాంశాలు లెక్కపెట్టే లండన్‌లోని గ్రీనిచ్‌కు 2°20′ తూర్పున ఉంది. కూడి చూడండి, సరిగ్గా సరిపోతుంది! గ్రీనిచ్ లెక్క వాడే మనిషి ఎవరో దీన్ని నిజంగా పనికి వాడుకున్నారన్నమాట. గ్రీనిచ్‌ను అందరికీ ప్రామాణికంగా ఎంచుకున్నది 1884లో అయినా బ్రిటిష్ నావికులు అంతకు చాలా ముందే వాడేవారు, కాబట్టి ఆ రాత ఏ కాలానిదో దీన్నిబట్టి తేలదు.

రబ్బరు మాత్రం పెట్టకండి. నేనోసారి వేరే పుస్తకం మీద ఆ పని చేసి ఇప్పటికీ బాధపడుతున్నాను. గది చీకటి చేసి, టార్చి వెలుగు కాగితం మీద ఏటవాలుగా పడేలా పట్టుకోండి. సన్నటి సూదిపోట్లు కనిపిస్తే అవి డివైడర్‌తో దూరం కొలిచిన గుర్తులు కావచ్చు. పుస్తకంలో గోధుమరంగుకు తిరిగిన సిరా సంతకం కూడా ఉందన్నారు కదా, దానికి తడి తగలనివ్వకండి. జిరాక్స్ షాపులో లామినేషన్ అస్సలు వద్దు. తిరుపతి వచ్చినప్పుడు ఎస్వీ యూనివర్సిటీ ప్రాచ్య పరిశోధన సంస్థలో ఒకసారి అడగండి, తాళపత్రాలు భద్రపరిచే చోటు అది.