ఫ్లోట్ పెట్టాలా, ఫ్రీజ్ చేయాలా?

తమ్ముడూ, ఐఐటీ, ఎన్‌ఐటీ సీట్లు ఇచ్చే జోసా కౌన్సెలింగ్‌లో నీకు వచ్చింది ఎన్‌ఐటీ వరంగల్ ఈసీఈ (ఎలక్ట్రానిక్స్), నువ్విచ్చిన ఆప్షన్ల లిస్టులో దానికి పైన ఐఐటీ ఖరగ్‌పూర్ మెటలర్జీ. నాన్నగారికి ఐఐటీ పేరు కావాలి, నీకేమో వరంగల్ కాలేజీ వాతావరణం నచ్చింది.

ముందు ఇది తెలుసుకో. ఫ్రీజ్ అంటే వచ్చిన సీటే చాలని ఖాయం చేసుకోవడం, ఫ్లోట్ అంటే ఈ సీటు ఉంచుకుని లిస్టులో పైనున్న దేనికోసమైనా చూడడం. ఫ్లోట్ పెట్టాక తర్వాతి రౌండులో ఖరగ్‌పూర్ వస్తే వరంగల్ సీటు దానంతటదే పోతుంది, మళ్లీ రాదు. లాకైన ఆప్షన్ల వరస కూడా మార్చలేవు. సీఎస్‌ఈ (కంప్యూటర్ సైన్స్) వరంగల్‌లోనే పైన పెట్టి ఉంటే, అదే కాలేజీలో పై బ్రాంచి కోసం మాత్రమే చూసే స్లైడ్ మేలు. ఇంకో ఊరికి తోసేయదు.

సరదాల లెక్కయితే ఖరగ్‌పూర్ ఏం తక్కువ కాదు. 2,100 ఎకరాల క్యాంపస్, ఎటెళ్లాలన్నా సైకిలే, దీపావళికి హాస్టళ్ల మధ్య వెదురు తడికల మీద ప్రమిదలతో బొమ్మలు కట్టే పోటీ. కాబట్టి అసలు తేడా బ్రాంచిలోనే ఉంది. చేరాక మార్చుకోవచ్చులే అన్న ఆశతో మెటలర్జీ తీసుకోకు. ప్లేస్‌మెంట్లలో హయ్యెస్ట్ ప్యాకేజీ వదిలేసి, బ్రాంచివారీ మీడియన్ (సగం మందికి అంతకన్నా ఎక్కువ, సగం మందికి తక్కువ వచ్చే మధ్య ప్యాకేజీ) ఎంతో మూడో సంవత్సరం వాళ్లనడుగు. సర్క్యూట్లంటే ఇష్టమైతే ఫ్రీజ్ చేసెయ్.

ఏది పెట్టినా గడువులోగా సీటు ఫీజు కట్టు. సర్టిఫికెట్ల మీద క్వెరీ వస్తే ఆ రోజే జవాబివ్వు, లేకుంటే ఉన్న సీటూ రద్దవుతుంది.