బ్యాంకుల పర్యవేక్షణలో చేరిన మా అమ్మాయికి

అమ్మా సింధూ,

రిజర్వు బ్యాంకులో నీకు పర్యవేక్షణ విభాగం ఇచ్చారని మీ నాన్న చెప్పాడు. చాలా సంతోషం. అంతా ఏఐ చేసేస్తుంటే మాకేం పని ఉంటుందని టెన్షన్ పడుతున్నావట. మా రోజుల కంటే ఎక్కువ పనే ఉంది తల్లీ.

మేం తనిఖీకి వెళితే కొన్ని ఖాతాలు ఏరుకుని చూసేవాళ్లం. యూపీఐ లావాదేవీలు 2023 ఆగస్టులోనే నెలకు వెయ్యి కోట్లు దాటాయి. అన్నీ మనిషి చూసే మాట లేదు. అందుకే యంత్రాన్ని దూరం పెట్టకు. రిజర్వు బ్యాంకు ఇన్నొవేషన్ హబ్ తయారుచేసిన మ్యూల్‌హంటర్ ఉంది కదా, మోసగాళ్లు కొట్టేసిన డబ్బు దాటించడానికి వాడుకునే మ్యూల్ ఖాతాలను లావాదేవీల తీరు బట్టి పసిగడుతుంది. అవసరమైన పనిముట్టే.

కానీ అది చెప్పేది అనుమానం మాత్రమే. పండగ ముందురోజు పూలమ్మే ఆవిడ ఖాతాలోకి వందమంది నుంచి చిన్న చిన్న మొత్తాలు వస్తాయి, రాత్రికి మొత్తం టోకు వ్యాపారికి వెళ్లిపోతుంది. యంత్రానికి అదీ మ్యూల్ ఖాతాలాగే కనిపించవచ్చు. ఖాతా ఆపేస్తే తెల్లారి ఆవిడకు సరుకు లేదు. కాబట్టి ఎన్ని ఖాతాలు పట్టుకున్నారని మాత్రమే అడిగి ఊరుకోకు. పొరపాటున ఆపినవి ఎన్ని, విడిపించడానికి ఎన్ని రోజులు పట్టింది, ఎందుకు ఆపారో ఆవిడకు తెలుగులో చెప్పిన మనిషి ఎవరు? ఈ మూడూ ప్రతి బ్యాంకునీ అడుగు.

"ఏఐ మోడల్ మాది కాదండీ, బయటి వెండర్‌ది" అంటారు బ్యాంకువాళ్లు. ఒప్పుకోకు. 2020 చివర్లో తెలంగాణలో రుణ యాప్‌ల వేధింపులు భరించలేక మనుషులు ప్రాణాలు తీసుకున్నారు. తర్వాత రిజర్వు బ్యాంకు వేసిన బృందం సుమారు 1,100 యాప్‌లను చూస్తే 600 అక్రమమైనవని తేలింది. 2022 సెప్టెంబరు మార్గదర్శకాలు అప్పు నేరుగా రుణగ్రహీత ఖాతాలోకే వెళ్లాలన్నాయి, యాప్ చేసే పనికి దాని వెనకున్న బ్యాంకో ఫైనాన్స్ కంపెనీయో పూచీ పడాలన్నాయి. ఏఐకీ అదే వర్తించాలి. ఆర్థికరంగంలో ఏఐ వాడకం మీద రిజర్వు బ్యాంకు వేసిన ఫ్రీ-ఏఐ కమిటీ 2025 ఆగస్టులో ఇచ్చిన నివేదికలోని ఏడు సూత్రాల్లో జవాబుదారీతనం ఒకటి. ఆ నివేదిక పూర్తిగా చదువు.

వడ్డీ రేట్ల గురించి ఎక్కువ చెప్పను. ద్రవ్యోల్బణం అంచనాకు మోడళ్లు సాయపడతాయి, రేటు మీద ఓటు వేసేది మాత్రం ద్రవ్య విధాన కమిటీలోని ఆరుగురే.

నాకు అంతకంటే భయం డబ్బు కదిలే వేగమంటేనే. 2023 మార్చి 9న అమెరికాలో సిలికాన్ వ్యాలీ బ్యాంకు నుంచి ఒక్కరోజులో 4,200 కోట్ల డాలర్లు వెనక్కి తీసుకున్నారు. బ్యాంకు ముందు క్యూ కడితే మాకు కనీసం కంటికి కనిపించేది. పెద్ద మొత్తాలు వెంటనే బదిలీ చేసే మన ఆర్టీజీఎస్ కూడా 2020 డిసెంబరు నుంచి రాత్రీపగలూ నడుస్తోంది. ఆదివారం అర్ధరాత్రి డిపాజిట్లు కదిలిపోతే నగదు ఎక్కణ్నుంచి తెస్తారో అడుగు. పది బ్యాంకులు ఒకే కంపెనీ మోడల్ వాడుతుంటే, అది తప్పితే పదీ ఒకేసారి తప్పుతాయి. విడివిడి నివేదికల్లో అది కనిపించదు, నువ్వే పక్కపక్కన పెట్టి చూడాలి.

మొదటి తనిఖీకి ముందు ఆ బ్యాంకు మీద అంబుడ్స్‌మన్‌కు వచ్చిన ఫిర్యాదులు తెప్పించుకుని చదువు. మోడల్ నివేదికలు ఆ తర్వాత తెరువు.

ఆశీస్సులతో,
పెదనాన్న