మసక వెలుతురులో గురి: మీ ప్రశ్నలు, నా జవాబులు

ప్రశ్న: అన్నగారూ, రెండేళ్లుగా ఒక స్నేహితుడి రాంచ్‌లో వేటకు వెళ్తున్నాను. నాది రెమింగ్టన్ 870 షాట్‌గన్, పన్నెండు గేజి. మొన్న ఏప్రిల్‌లో టర్కీ కోసం తెల్లవారకముందే ఓక్ చెట్టు కింద కూర్చున్నాను. పక్షి ముప్పై గజాల్లోకి వచ్చింది, కానీ గొట్టం చివరున్న ఇత్తడి పూస నాకు కనిపించలేదు. కొట్టకుండా వదిలేశాను. గురి చూసే సైట్లలో ఫైబర్ ఆప్టిక్, ట్రిటియం, రెడ్ డాట్ అని మూడు రకాలు చెబుతున్నారు. ఏది కొనాలి? అడవి పందుల కోసం రాత్రిపూట కూడా పనికొస్తే మంచిది.
— ఒక పాఠకుడు, రౌండ్ రాక్, టెక్సాస్

జవాబు: తమ్ముడూ, కనిపించనప్పుడు కొట్టకుండా ఆగావు, అది నాకు చాలా సంతోషం. టెక్సాస్‌లో వేట శిక్షణ తరగతులు చెబుతూ ఇన్నేళ్లుగా పిల్లలకు మొదట నేర్పేది అదే.

నా చిన్నప్పటి సంగతి ఒకటి చెబుతాను. మార్కాపురం అవతల, నల్లమల అంచున మా తాతకు జొన్నచేను ఉండేది. 1972 వన్యప్రాణి చట్టం ఇంకా రాని రోజులు. రాత్రిళ్లు మంచె మీద పందులకు కాపలా. ఆయన చేతిలో ఒంటి గొట్టం పన్నెండు బోరు. చీకటి పడగానే తమలపాకుల సంచిలోంచి సున్నం డబ్బీ తీసి, చూపుడు వేలితో ఇంత సున్నం తుపాకీ కొసన పూస మీద అద్దేవాడు. ఆ తెల్ల చుక్కే ఆయన సైట్. "చుక్కను చూసి కొట్టేవాడు గేదెను కొడతాడు, పందిని చూసి కొట్టేవాడే పందిని కొడతాడు" అనేవాడు. నువ్వడిగిన మూడు రకాల గురించీ నా జవాబు అక్కణ్నుంచే మొదలవుతుంది. చుక్క ఎంత వెలిగినా అది ఎదుటి జంతువు మీద వెలుతురు వేయదు. అందుకే ఏది కొన్నా, జంతువు కనిపించే వెలుతురులో చుక్క కూడా కనిపిస్తే చాలు. అంతకంటే ఎక్కువ వెలిగితే అదే అడ్డం.

ఇక టర్కీ మాట. ఇక్కడ సూర్యోదయానికి అరగంట ముందు నుంచే కొట్టనిస్తారు. ఆ అరగంటలో ఆకాశంలో కొంత వెలుగు ఉంటుంది. ఫైబర్ ఆప్టిక్ అంటే రంగు కలిపిన ప్లాస్టిక్ పుల్ల. పక్కల నుంచి పడ్డ వెలుగును లాక్కుని కొసన చుక్కగా చూపిస్తుంది. సొంత వెలుగు లేదు, బ్యాటరీ లేదు. కాబట్టి పుల్ల ఎంత పొడవు బయటకు కనబడితే అంత మంచిది. చుట్టూ ఇనుప గూడు కప్పేసిన రకం కొనకు. రంగు మాత్రం ఆకుపచ్చే తీసుకో. సందెవేళ పెరట్లో నిలబడి చూడు, ఎర్ర మందారం ముందు నల్లబడిపోతుంది, ఆకులు ఇంకా కాసేపు కనిపిస్తూనే ఉంటాయి. వెలుతురు తగ్గేకొద్దీ మన కంటికి ఎరుపు ముందు పోతుంది. దుకాణంలో ట్యూబ్‌లైట్ కింద ఎర్ర చుక్క ఎంత ముచ్చటగా ఉన్నా దాని జోలికి పోకు.

ట్రిటియం టర్కీకి అక్కర్లేదు. అది హైడ్రోజన్‌లోనే ఒక రకం. సన్నటి గాజు గొట్టంలో ఆ వాయువును మూసిపెడతారు, గొట్టం లోపలి పూత దానివల్ల ఎప్పుడూ మెరుస్తూ ఉంటుంది. కటిక చీకట్లో చక్కగా కనిపిస్తుంది కానీ మసక వెలుతురులో వెలవెలబోతుంది. నువ్వు కూర్చునే వేళకు సరిగ్గా అదే లోపం. పైగా ట్రిటియం సగం ఆయుష్షు 12.3 ఏళ్లు, అంటే అన్నేళ్లలో ఆ వాయువు సగం తరిగిపోతుంది. పన్నెండేళ్ల నాటి సైట్ సుమారు సగమే వెలుగుతుంది. పాత సరుకు చవకగా ఇస్తామంటే తయారైన ఏడు చూసి మరీ కొనాలి.

రాత్రి పందులకైతే రెడ్ డాటే, అంటే చిన్న అద్దంలో ఎర్ర చుక్క చూపించే బ్యాటరీ సైట్. దానికి తోడు మంచి టార్చి. ప్రైవేటు భూమిలో యజమాని అనుమతి ఉంటే టెక్సాస్‌లో అడవి పందిని రాత్రి కూడా కొట్టవచ్చు. వెళ్లేముందు ఆ ప్రాంతపు గేమ్ వార్డెన్‌కు, అంటే వేట చట్టాలు చూసే అధికారికి, ఒక ఫోన్ చెయ్యి, చీకట్లో దీపాలు చూసి ఎవరూ కంగారుపడరు. రెడ్ డాట్ కాంతిని బాగా తగ్గించి, చుక్క కనీకనబడనట్టు ఉన్న చోట ఆపు. అద్దమంతా ఎర్రగా పూసుకుంటే వెనక ఉన్నది పందో దూడో తెలియదు. చుక్క గుండ్రంగా కాక తోకచుక్కలా చీలి కనిపిస్తే వస్తువును తిట్టకు. అద్దంలోంచి ఫోన్‌తో ఫోటో తీసి చూడు. ఫోటోలో గుండ్రంగా ఉంటే లోపం కంటిది, ఆస్టిగ్మాటిజం. నాకూ ఉంది. కళ్లజోడు పెట్టుకుంటే సర్దుకుంటుంది.

రెండూ కొనే స్తోమత ఇప్పుడే లేకపోతే ముందు ఆకుపచ్చ ఫైబర్ పూస ఒక్కటి పెట్టించు. బజారులో 3-56, 5-40, 6-48, మెట్రిక్ 3 మిల్లీమీటర్లు అని రకరకాల మరలుంటాయి. పాత పూసను ఊడదీసి చేతిలో పట్టుకెళ్లు, అంచనాతో కొనకు.

బిగింపు దగ్గర ఒక మాట నొక్కి చెప్పాలి. పదేళ్ల కిందట ఒక దుకాణంలో రిబ్ (గొట్టం పైన పొడవునా ఉండే పట్టీ) లేని గొట్టానికి నాకు కొత్త పూస బిగించి ఇచ్చారు. ఇంటికొచ్చి, తూటాలు లేవని రెండుసార్లు చూసుకుని, గొట్టం విప్పి లోపలికి టార్చి వేశాను. నున్నగా మెరిసే గొట్టంలో కొస దగ్గర ఒక నల్లటి ముల్లు. స్క్రూ పొడవెక్కువై మొన లోపలికి పొడుచుకొచ్చింది. అలాగే కాలిస్తే ఏమయ్యేదో తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది. ఎవరు బిగించినా సరే, ఇంటికి తెచ్చాక లోపల చూసుకో.

కొత్త సైట్ పెట్టాక కాగితం మీద కాల్చకుండా వేటకు పోవద్దు. నలభై గజాల్లో పెద్ద కాగితం కట్టి, నువ్వు వేటకు వాడే తూటాయే వాడి, మూడు వేర్వేరు కాగితాల మీద మూడుసార్లు కాల్చు. ఒక్క దెబ్బతో తూటాలోంచి చిమ్మే రవ్వల గుంపు నడిమి చోటు తెలియదు. పూస కొంచెం ఎత్తయినా గుంపు కిందికి దిగుతుంది.

ప్రశ్న: అంకుల్, నా ఫైబర్ సైట్ రెండో సీజన్‌కే మసకబారింది, తర్వాత పుల్ల ఊడిపోయింది. రెడ్ డాట్ కూడా గురి తప్పుతోంది. నేనేం తప్పు చేస్తున్నాను?
— ఒక పాఠకుడు, లూసియానా

జవాబు: బాబూ, లూసియానా అన్నావు కాబట్టి ముందు దోమల మందు మీదకు పోతుంది నా అనుమానం. డీట్ ఉన్న మందు ప్లాస్టిక్‌ను తినేస్తుంది. చేతులకు పూసుకుని అవే చేతులతో తుపాకీ ముట్టుకుంటే పుల్ల మీద పొగమంచులాంటి పొర కడుతుంది, అది తుడిస్తే పోయేది కాదు. గొట్టం కడిగే సాల్వెంట్, బ్రేక్ క్లీనర్, అసిటోన్ కూడా అంతే. తుపాకీ కడిగేటప్పుడు సైట్ మీద చిన్న ప్లాస్టిక్ సంచి తొడిగి రబ్బరు బ్యాండ్ వెయ్యి. సైట్‌ను మాత్రం తడి గుడ్డతో తుడిస్తే చాలు.

పుల్ల మార్చడం నీ చేతిలో పనే. అదే లావు పుల్లను గూటికంటే మూడు మిల్లీమీటర్లు ఎక్కువగా పదునైన బ్లేడుతో తెగ్గొట్టు. ఒక కొసకు లైటర్ మంటను దగ్గరగా, తగలకుండా చూపించు. ప్లాస్టిక్ కరిగి చిన్న పుట్టగొడుగు తలలా ఉబ్బుతుంది. చల్లారాక గూట్లోకి దూర్చి రెండో కొసకూ అలాగే చెయ్యి. రెండు తలలూ గూటికి పట్టుకుంటాయి. మంట నేరుగా తగిలితే కొస నల్లబడి వెలుగు రాదు, అప్పుడు మళ్లీ కొయ్యాల్సిందే. నేనైతే వేట సంచిలో అగ్గిపుల్లంత ముక్కలు రెండు ఎప్పుడూ ఉంచుకుంటాను.

రెడ్ డాట్‌కు వచ్చేది స్క్రూల జబ్బు. పన్నెండు గేజి తన్నుకు అవి వదులవుతాయి. విప్పి, నూనె జిడ్డు పూర్తిగా తుడిచి, నీలిరంగు థ్రెడ్‌లాకర్ (స్క్రూ వదులవకుండా పట్టే జిగురు) ఒక్క చుక్క వేసి, తయారీదారు చెప్పిన బిగువుకు టార్క్ రెంచ్‌తో బిగించు. ఎర్రది వాడితే మళ్లీ విప్పాలంటే స్క్రూను వేడి చేయాల్సి వస్తుంది. తర్వాత స్క్రూ తల మీదుగా మౌంటు మీదికి తెల్లరంగుతో ఒక సన్న గీత గియ్యి. గీత విరిగినట్టు కనిపిస్తే స్క్రూ కదిలినట్టే. బ్యాటరీ అయిపోయేదాకా ఆగకు. నేను ఏటా సంక్రాంతికి మారుస్తాను.

ప్రశ్న: మావారు నెలలో సగం రోజులు ప్రయాణాల్లో ఉంటారు. ఇంట్లో షాట్‌గన్ ఉంది, వాడటం నేర్చుకున్నాను. చీకట్లో వెలిగే సైట్ పెట్టిస్తే ధైర్యంగా ఉంటుందా?
— ఒక పాఠకురాలు, న్యూజెర్సీ

జవాబు: అమ్మా, ట్రిటియం సరిగ్గా ఇలాంటి చోటికే. కానీ డబ్బు ముందు దీపం మీద పెట్టండి. హాల్లో నీడ కదిలితే అది మంచినీళ్లకు లేచిన మీ అబ్బాయి కావచ్చు. మొహం చూడకుండా తుపాకీ ఎత్తకూడదు, ఏ సైటూ మొహం చూపించదు. ఇంట్లోని దూరాల్లో రవ్వలు చాలా తక్కువగానే విచ్చుకుంటాయి, "ఎటు తిప్పినా తగులుతుంది" అనేది అబద్ధం. తుపాకీ తాళంలో, తూటాలు వేరే తాళంలో ఉండాలి. ట్రిటియం సైట్ ఎప్పుడైనా పగిలితే గది కిటికీలు తీసి, ముక్కలు ముట్టకుండా పిల్లల్ని బయటకు పంపండి. పాతబడ్డాక చెత్తలో వేయకుండా తయారీదారుకే పంపాలి.

ప్రశ్న: మాది ఖమ్మం జిల్లా. పంట కాపలాకు లైసెన్సు ఉన్న జంట గొట్టాల పన్నెండు బోరు ఉంది. ఈ అమెరికా సైట్లు తెప్పించాలా?
— ఒక రైతు

జవాబు: అక్కర్లేదు. ముందొకటి గుర్తుంచుకోండి, తుపాకీ లైసెన్సు వేరు, పందిని కొట్టే అనుమతి వేరు. 1972 వన్యప్రాణి చట్టం కింద అధికారి రాతపూర్వక అనుమతి లేకుండా తుపాకీ పేల్చవద్దు. ఇక పూసకు మా తాత సున్నం కంటే తెల్ల గోళ్లరంగు మేలు, ఎండాక రాలదు. పూస మీది నూనెను గుడ్డతో తుడిచేసి, షూటర్ కంటికి కనబడే వైపు మాత్రమే పలచగా ఒక పూత వేయండి. ఎండాక ఇంకొక పూత.