గుప్పెట్లో పుస్తకం: పాఠకుల ప్రశ్నలు, బైండరు జవాబులు

ప్రశ్న: మా దాదీ సందూకలో అగ్గిపెట్టెలో సగం కూడా లేని ఖురాన్ దొరికింది. లోహపు డబ్బీలో ఉంది, మూతకు చిన్న భూతద్దం బిగించి ఉంది. దాదీ వాళ్ల నాన్న నిజాం ఫౌజులో ఉండేవారట. ఇది చేత్తో రాసిందా? వెల ఎంత ఉండొచ్చు? (ఒక పాఠకురాలు, మహబూబ్‌నగర్)

బిడ్డా, ముందుగాల ఆ డబ్బీని చింతపండు పెట్టి తోమకు. పుస్తకాన్ని పూర్తిగా పరిచి తెరవకు, సగం తెరిస్తే చాలు. అంత చిన్న పుస్తకానికి వెన్ను విరిగితే మళ్లీ కుట్టడం నా అసొంటోనికి కూడా కష్టం.

భూతద్దం ఉన్న డబ్బీ అంటున్నవు కాబట్టి నాకు గ్లాస్గో గుర్తుకొస్తున్నది. స్కాట్లాండులోని ఆ ఊళ్లో డేవిడ్ బ్రైస్ అనే ప్రచురణకర్త 1900 ప్రాంతంలో ఇట్లాంటి ఖురాన్లు వేసిండు. పెద్ద ప్రతిని ఫొటో తీసి, కుదించి, అచ్చుకెక్కించిన్రు. ఎత్తు అంగుళం, ఆ పైన ఇంకొంచెం. మొదటి ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ వాళ్ల తరఫున పోరాడిన ముస్లిం సిపాయిలు వీటిని వెంట ఉంచుకున్నరు. నిజాం గుర్రపు దళమైన హైదరాబాద్ లాన్సర్లు 1918లో పాలస్తీనా దిక్కు ఉన్నరు. దాదీ చెప్పిన ముచ్చటను కొట్టిపారెయ్యకు. పాత ఫొటోలు, పింఛను కాయితాలు ఏమన్నా మిగిలితే డబ్బీతో పాటే దాచు.

అచ్చా, రాతా అన్నది పది రెట్లు పెద్దగ చూపే భూతద్దంతో తేలిపోతది. రాత అయితే కలం ఆగిన చోట సిరా ముద్దగట్టి ఉంటది. అచ్చయితే నలుపు అంతటా ఒక్క తీరుగా ఉంటది.

వెల సంగతికి ఒక ముచ్చట చెప్త. మొదటి ప్రపంచ యుద్ధం నాటి అరబ్బుల తిరుగుబాటులో తిరిగిన బ్రిటిష్ అధికారి లారెన్స్ రాసిపెట్టిండు: ఒక అరబ్ తెగకు నాయకుడైన ఔదా ఇట్లాంటి తాయెత్తు ఖురాన్‌ను 120 పౌండ్లు పెట్టి కొన్నడట, అది కొన్నప్పటి నుంచి తనకు ఒక్క గాయం కాలేదని గట్టిగ నమ్మిండట. నిజానికి అది గ్లాస్గోలో వేసిన 18 పెన్నీల సరుకు. నీ దగ్గరున్నదాన్ని అమ్మకు బిడ్డా. నాకు పని నేర్పిన ఉస్తాదు వజూ చేసుకోనిదే ఖురాన్ ఫారాలు, అంటే కుట్టడానికి మడిచిన కాయితాల కట్టలు, ముట్టకపోయేది. పక్కన కూసున్న నన్ను కూడా చేతులు కడుక్కొని రమ్మనేది. అదే అదబుతో మీ ఇంట్లనే ఉండనీ.

ప్రశ్న: ఎంత చిన్నగా ఉంటే 'మినియేచర్' పుస్తకం అంటారు? అన్నిటికంటే చిన్నది ఏది? (డిగ్రీ విద్యార్థి, దేవరకొండ)

ఎత్తు, వెడల్పు, మందం, మూడూ 3 అంగుళాలు దాటొద్దు. అమెరికాలో 1983లో పుట్టిన మినియేచర్ బుక్ సొసైటీ పెట్టుకున్న కొలత ఇది. యాదగిరిగుట్ట మెట్ల కాడ కొన్న హనుమాన్ చాలీసాను స్కేలు పెట్టి కొలువు. లోపలికొస్తే అది కూడా లెక్కలకే వస్తది.

1985లో స్కాట్లాండులోనే ఒక చిన్న ముద్రణశాల ఒక మిల్లీమీటరు పుస్తకం వేసింది. పేజీ తిప్పాలంటే సూది కావాలె. 2013లో జపాన్‌లోని తొప్పన్ అనే అచ్చు కంపెనీ 0.75 మిల్లీమీటర్లకు దించింది, 22 పేజీలు. 2007లో కెనడాలో సిలికాన్ పలక మీద అయాన్ కిరణాలతో చెక్కిన కథ వీటికంటే ఎంతో చిన్నది గానీ, ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు లేకుంటే కనపడదు. దాన్ని పుస్తకం అననీకి నాకు మనసొప్పదు. సూదితోనైనా సరే, పేజీ తిరగాలె.

ప్రశ్న: మా బడి పిల్లలతో ఇలాంటి పుస్తకాలు చేయించాలని ఉంది. చేసి చూశాను, మూసినా నోరు తెరుచుకునే ఉంటున్నాయి. (ఉపాధ్యాయురాలు, అచ్చంపేట)

టీచరమ్మా, ఈ ఉత్తరం చూసి నాకు మస్తు సంతోషమైంది. మీ తప్పేం లేదు, కాయితం అడ్డం పడ్డది.

ప్రతి కాయితానికి ఒక వాలు ఉంటది, అంటే లోపలి నారలు పరుచుకున్న దిక్కు. నిలువుకోసారి, అడ్డంకోసారి చింపి చూడండి. ఒక దిక్కు నేరుగా చిరుగుతది, రెండో దిక్కు వంకరపోతది. నేరుగా చిరిగిన దిక్కే పుస్తకం వెన్ను రావాలె. పెద్ద పుస్తకంలో కాయితం బరువుకే తప్పు అణిగిపోతది. అరచేతిలో పట్టే పుస్తకానికి ఆ బరువు ఉండదు, అందుకే నోరు తెరుస్తది.

జిరాక్సు కాయితాల్లో ఎక్కువ వాటికి వాలు పొడుగు దిక్కే ఉంటది. ఏ ఫోర్ కాయితాన్ని పొడుగును సగం చేస్తూ మూడుసార్లు కొయ్యండి, ప్రతిసారీ అప్పటికి ఏది పొడుగో అదే సగం కావాలె. ఎనిమిది ముక్కలైతయి. ఒక్కో ముక్కను మధ్యకు మడిస్తే 52 మిల్లీమీటర్ల వెడల్పు, 74 ఎత్తు. మూడంగుళాల లోపలే, వాలు కూడా వెన్ను దిక్కే పడుతది. నాలుగు ముక్కలను ఒకదాన్లో ఒకటి పెడితే 16 పేజీల ఫారం.

మడత మీద మూడు బెజ్జాలు పెట్టండి. లోపలి నుంచి నడిమి బెజ్జంలో సూది బయటికి, పై బెజ్జంలో లోపలికి, అక్కడి నుంచి నడిమిది విడిచి కింది బెజ్జంలో బయటికి, మళ్లీ నడిమి బెజ్జంలో లోపలికి. పొడుగు దారానికి రెండు కొసలు అటొకటి ఇటొకటి వచ్చేటట్టు ముడెయ్యండి. దారం సన్నది తీసుకోండి. లావు దారమైతే వెన్ను ఉబ్బుతది.

ప్రశ్న: చిన్న స్తోత్రాల పుస్తకం చిరిగింది. లామినేషన్ చేయించమంటారా? (మిర్యాలగూడ)

వద్దు సారూ. చెర్వుగట్టు జాతరల మా నాయన నాకు కొనిచ్చిన చాలీసాను నేను ఊళ్లో లేనప్పుడు ఇంట్లవాళ్లు ఒక షాపుల లామినేషన్‌కు ఇచ్చిన్రు. పిన్నులు పీకి, ఆకు ఆకు విడదీసి ప్లాస్టిక్‌ల అతికించిన్రు. వేడికి అంటిన ప్లాస్టిక్ ఇగ రాదు. నాయన చేతి రాత ఉన్న అట్ట మీద పెన్సిలు గీత కరిగినట్టు పల్చబడ్డది. ఇప్పటికీ దాన్ని చూస్తే నాకు కడుపుల దేవినట్టయితది.

సెలోటేపు కూడా వద్దు. కొన్నేండ్లకు పసుపు మరక మిగిల్చి ఊడిపోతది. పల్చటి టిష్యూ కాయితం ముక్కను అంచు చింపి, మైదా లై నీళ్లోలె పల్చగ కలిపి, వేలికొసతో అంటించండి. మీద మైనం కాయితం పెట్టి, రాత్రంతా బరువుంచండి. లై ఎక్కువైతే పుస్తకపురుగులు దానికోసమే వస్తయి. తుప్పు పట్టిన పిన్నులుంటే తీసి దారంతో కుట్టండి, బెజ్జాలు ఎట్లాగూ ఉండనే ఉన్నయి.