పెరట్లో సర్కారు తుమ్మ: మేనకోడలికి ఉత్తరం

చి.ల.సౌ. శ్రీలతకు,
మామయ్య ఆశీస్సులు.

నువ్వు పంపిన ఫొటోలు చూశాను. అన్నేళ్ళు తాళం వేసి వదిలేసిన ఇంటి పెరడు అలా కాక ఇంకెలా ఉంటుంది? ప్రహరీ కనిపించడం లేదు, బావి గట్టు కనిపించడం లేదు. జేసీబీ పెట్టిస్తే ఒక్క పూటలో చదునైపోతుందని అల్లుడుగారు అంటున్నారని రాశావు. కాస్త ఆగమని చెప్పు. కంప కొట్టడం తేలికే, డబ్బిస్తే ఎవరైనా కొడతారు. కొట్టినచోట మళ్ళీ లేవకుండా చూసుకోవడంలోనే కష్టమంతా ఉంది.

అందులో ముప్పాతిక వంతు సర్కారు తుమ్మే. ఇది అమెరికా ఖండం చెట్టు. 1877లో జమైకా నుంచి తెప్పించిన విత్తనాలతో మన కడప జిల్లా కమలాపురంలోనే మొదట నాటించారు. నాటించినవాళ్ళు వంటచెరకు దొరుకుతుందనుకున్నారు. దొరికింది, కాదనను. దాంతోపాటు చెరువులు, వాగులు, బీళ్ళు కూడా దాని పాలయ్యాయి.

గొడ్డలి పట్టించే ముందు నువ్వే ఒకసారి పెరడంతా తిరిగి, ఉంచవలసిన చెట్లకు సున్నం పూయించు. కూలికి వచ్చినవాళ్ళకు ముల్లున్నదల్లా కంపే. సర్కారు తుమ్మకు ఆకు కణుపు దగ్గర పొడుగాటి ముళ్ళు జంటగా ఉంటాయి, పూత వేలెడు పొడవు కంకిలా వేలాడుతుంది, పండిన కాయ పసుపురంగులో తియ్యటి గుజ్జుతో ఉంటుంది. నల్ల తుమ్మకు పూలు గుండ్రంగా, పసుపుపచ్చగా ఉంటాయి. కాయ గింజ గింజకూ నొక్కినట్టు ఉంటుంది. జమ్మి విషయంలో మరీ జాగ్రత్త. ఆకు చూస్తే అదీ సర్కారు తుమ్మా ఒక కుటుంబమేనని తెలిసిపోతుంది గాని, జమ్మి ముళ్ళు పొట్టివి, కణుపుల దగ్గర కాకుండా కొమ్మ పొడవునా అక్కడక్కడా ఉంటాయి. దసరాకు పూజ చేసే చెట్టును, పక్క రాష్ట్రంవారు రాష్ట్ర వృక్షంగా పెట్టుకున్నదాన్ని, పొరపాటున నరికించావంటే మీ అత్తగారు ఊరుకోరు. రేగు, వాక్కాయ, వెలగ కూడా ముళ్ళవే. వాటి జోలికి పోవద్దు. అడ్డంగా ఉన్నాయని వేరే పెద్ద చెట్లేవైనా తీయాలనుకుంటే నీరు, నేల, చెట్ల రక్షణకు చేసిన 2002 నాటి వాల్టా చట్టం ఒకటుంది, ముందు అనుమతి సంగతి కనుక్కో.

కాయ వేసవిలో పండి రాలుతుంది. రాలకముందే, అంటే మాఘ ఫాల్గుణాల్లో, పైకొమ్మలు కొట్టించు. మొదళ్ళు మాత్రం తొలకరి వాన ఒకటి గట్టిగా పడ్డాక తవ్వించు. ఎండిన నేలలో గడ్డపార దిగదు. దిగకపోతే తవ్వేవాడు విసుగెత్తి పైపైన నరికి పోతాడు.

ఇక్కడే అసలు కీలకం ఉంది. నేల మట్టానికి కోసిన సర్కారు తుమ్మ చావదు. ఒక్క కాండం ఉన్నచోట గుంపుగా పిలకలు లేస్తాయి, పోయినేటికన్నా గుబురుగా తయారవుతుంది. పిలకల మొగ్గలన్నీ కాండమూ వేరూ కలిసే మొదట్లో, మట్టి కింద జానెడు లోతు వరకు ఉంటాయి. ఆ ముక్క మొత్తం బయటికి రావాలి. చుట్టూ గుంత తీసి, అడుగు లోతున తల్లివేరును గొడ్డలితో తెగ్గొడితే చాలు. అంతకు కిందికి పోయిన వేరు సంగతి మరిచిపో, అది చిగురించదు. దాని కోసం పాతాళానికి తవ్వి కూలి దండగ చేసుకోకు. ఇంకో మాట. పైకొమ్మలు కొట్టేటప్పుడు కాండాన్ని నడుమెత్తు వరకు ఉంచమను. వేరు తెగ్గొట్టాక దాన్నే పట్టుకుని అటూ ఇటూ ఊపితే మొదలు లేచి వస్తుంది. అడుగంటా కోసేస్తే పట్టు దొరకదు.

జేసీబీ వద్దనడానికి కారణమూ ఇదే. తొట్టెతో ఒక్క తోపు తోస్తే కాండం నేల దగ్గర విరుగుతుంది, మొదలు లోపలే ఉండిపోతుంది, పైన మట్టి కప్పుకుని అంతా శుభ్రంగా కనిపిస్తుంది. రెండు వానలకు మళ్ళీ పచ్చగా లేస్తుంది. నడిపేవాడు ఓపికమంతుడై చుట్టూ తవ్వి వేరుతో సహా పైకి లేపుతానంటే, పెరటి నడుమ ఉన్న పెద్ద చెట్లకు పెట్టించుకో. ప్రహరీ పక్కన, బావి దగ్గర మాత్రం మనుషులతోనే.

నిప్పు పెట్టవద్దు. పైన మాడుతుంది, కింద బతుకుతుంది, పక్కవాళ్ళ గడ్డివాముకు అంటుకుంటే ఊరంతటితో తగువు. మొదట్లో డీజిలు పోయమని, ఉప్పు పోయమని చెప్పేవాళ్ళు ప్రతి వీధిలోనూ ఉంటారు. అది బావి ఉన్న పెరడు. ఆ నీళ్ళు రేపు నువ్వు తాగాలి, ఆ మట్టిలో రేపు కూరమడులు వేయాలి. గ్లైఫోసేట్ అనే కలుపుమందు మాటెత్తితే, దాన్ని పెస్ట్ కంట్రోల్ ఆపరేటర్ల ద్వారా తప్ప వాడకూడదని 2022లో కేంద్రం ఉత్తర్వు ఇచ్చిందని చెప్పు. పెరడంత జాగాకు గడ్డపార చాలు.

పనివాళ్ళకు మందపాటి తోలు చెప్పులో బూట్లో ఉండాలి. ఈ ముల్లు సైకిలు టైరులోకే దిగుతుంది, రబ్బరు బూటు దానికొక లెక్క కాదు. కొమ్మను చేత్తో పట్టుకోకుండా పంగల కర్రతో అదిమిపెట్టి కొట్టాలి. కొమ్మ తిరిగి ముఖానికి కొడుతుంది, కళ్ళద్దాలు లేకుండా దగ్గరికి పోనివ్వకు. కీలు దగ్గర ముల్లు విరిగి లోపల ఉండిపోతే సూదితో కెలుక్కోవద్దు, డాక్టరుకు చూపించాలి. ధనుర్వాతం ఇంజెక్షన్ సంగతీ అడగాలి. ఇక పాములు. పొద్దున పని మొదలుపెట్టే ముందు పొడుగాటి కర్రతో పొదలన్నీ కొట్టి చప్పుడు చేయమను. నాగుపాము చప్పుడుకు తప్పుకుంటుంది గాని రక్తపింజర పడుకున్నచోటే ఉంటుంది, అందుకని చూడకుండా చేయి పెట్టకూడదు. కొట్టిన కంపను కుప్పగా రోజుల తరబడి వదిలేస్తే పాములకు కొత్త ఇల్లు కట్టి ఇచ్చినట్టే.

బావి పక్కన రంగురంగుల పూలగుత్తులతో ఉన్న పొద లాంటానా. చూడడానికి బాగుందని ఉంచకు. మట్టి కింద బెత్తెడు లోతున దాని తల్లివేరు కోసి, పొదను తలకిందులుగా ఎండబెట్టు. ఢిల్లీ విశ్వవిద్యాలయంలో ఆచార్యుడు సి.ఆర్. బాబు బృందం అడవుల్లో చేసి చూపిన పద్ధతి ఇదే.

కాయ లేని కొమ్మలను దడికి కట్టుకోవచ్చు. కాయ ఉన్నవి పెరట్లోంచి బయటికి పోవాలి. మేకలను తోలిస్తే కాయలన్నీ ఏరుకుని తింటాయి కదా అని పక్కింటాయన సలహా ఇచ్చాడన్నావు. తింటాయి, గింజలను అరగకుండా ఎరువుతో సహా పెరడంతా నాటి పోతాయి కూడా.

ఆ గింజలు నేలలో ఏళ్ళ తరబడి బతికి ఉంటాయి. కాబట్టి ప్రతి వాన తరువాతా ఒకసారి పెరట్లో తిరగాలి. మొలక వేలెడంత ఉన్నప్పుడు తడి నేలలో రెండు వేళ్ళతో వస్తుంది. నెల దాటనిస్తే గడ్డపార తేవాల్సిందే. నువ్వు హైదరాబాదులో ఉంటావు గనుక ఈ పనికి ఊళ్ళో ఒకరిని మాట్లాడి పెట్టు. ఖాళీ నేల ఉంచకు. ఈ మొలకలకు నీడ గిట్టదు; కానుగ, నేరేడు, ఉసిరి నాటించి, అవి ఎదిగేలోపు మధ్యలో మునగ, అరటి వేయించు.

చివరగా డబ్బు విషయం. బొగ్గు బట్టీలవాళ్ళు వచ్చి, కట్టె మాకిస్తే ఉచితంగా కొట్టిపెడతామంటారు. వాళ్ళకు కావలసింది కాండం, మొదలు తవ్వరు. కట్టె ఇవ్వు, మొదళ్ళకు మాత్రం వేరే మనుషులను పెట్టుకో. వాళ్ళతో రోజు కూలి కుదుర్చుకోకు, పెరడంతా కలిపి గుత్తకూ ఇవ్వకు. మొదలుకు ఇంత అని మాట్లాడి, తవ్వినవన్నీ గోడ వారగా పేర్చమను. ఒక్కొక్కదాన్నీ తిప్పి చూడు: కింద తెగిన తల్లివేరు కనిపిస్తేనే లెక్కలో వేసుకో, లేనిదాని గుంత మళ్ళీ తవ్వించి ఆ తరువాతే డబ్బివ్వు.

ఇట్లు
మామయ్య